తల్లికి గడి లేని దరఖాస్తు

అప్పివ్వడం ఏ ప్రభుత్వానికైనా చేతనైన పనే. అప్పడిగిన మనిషి ఆ మనిషేనని తేల్చుకోవడమే అసలు పని. అమెరికా ప్రభుత్వం ఈ రెండో పనిని ఎంత పకడ్బందీగా నడుపుతోందంటే, మొదటి పనికి దానికి ఇంకా తీరిక దొరకలేదు.

ఇందుకోసం ‘ఫెడరల్ విద్యార్థి ఆశల నిర్వహణ కార్యాలయం’ అని ఒకటుంది. (ఆ పేరులో ‘ఆశలు’ అన్న మాట పెట్టిందెవరో గానీ, పక్కనే ‘నిర్వహణ’ అని కూడా పెట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకున్నారు.) ఈ కార్యాలయానికి గుమ్మం లేదు, మెట్లు లేవు, బయట బల్ల మీద కూర్చుని పేరు పిలుస్తారేమోనని ఎదురుచూసే వీలూ లేదు. ఒక వెబ్‌సైటు ఉంది, ఒక ఫోన్ నంబరు ఉంది, ఆ నంబరు లోపల, ఎవరో ఒకరు ఎత్తేదాకా మోగే ఒక పియానో ఉంది. పైచదువులకు వెళ్ళదలచిన ప్రతి పౌరుడూ ఆ పియానో వినాలి. అది విన్నాక కూడా చదువుకోవాలనిపిస్తే, అప్పుడు అప్పు సంగతి చూస్తారు.

ఒహాయో రాష్ట్రం జేన్స్‌విల్ ఊళ్ళో మిడిల్ స్కూలు క్యాంటీన్లో వంట చేసే నొరీన్ స్టెకర్‌కు ఈ కార్యాలయమంటే దేవుడి తర్వాత అంత భయం. ఆ మాటకొస్తే ఆమెకు భయం లేనిది ఏదీ లేదు. ఇంట్లో ఫోన్ మోగితే ముందు పొయ్యి ఆపి, తర్వాత ఎత్తుతుంది. చెడ్డ కబురు వింటూ ఉన్నప్పుడు ఇల్లు కూడా తగలబడకూడదని ఆమె ముందుచూపు. మొగుడు వెర్నన్ కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడుపుతాడు. మంచు పడని జూలై నెలలో కూడా అతను ఇంటికి రావడం ఆలస్యమైతే, ఆ బండి మస్కింగమ్ నదిలో పడి ఉన్నట్టు ఆమెకు కనిపిస్తూ ఉంటుంది.

ఇంత భయస్తురాలు దరఖాస్తు ఫారాల జోలికి ఎందుకు వెళ్ళిందంటే, ఆ ఊళ్ళో ఆ పని తల్లులదే. అక్టోబరు వచ్చిందంటే తండ్రులు పెరట్లో ఆకులు ఊడుస్తారు, తల్లులు వంటింటి బల్ల మీద పన్నుల కాగితాలు పరుచుకుని పిల్లల కాలేజీ అప్పుల దరఖాస్తు నింపుతారు. పిల్లలు పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ అడిగినప్పుడల్లా ‘ఊఁ’ అంటారు. కూతురు డెలేనీ డిగ్రీ చదివినన్నాళ్ళూ నొరీన్ అలాగే నింపింది. ఆ దరఖాస్తుల్లో తల్లికి ఒక భాగం ప్రత్యేకంగా ఉండేది. తల్లి ఆదాయం, తల్లి పొదుపు, తల్లి సంతకం. నొరీన్ ఆ భాగాన్ని పరీక్ష రాసినంత శ్రద్ధగా రాసేది. ప్రభుత్వం తనని పేరు పెట్టి అడిగే సందర్భం ఏడాదికి అదొక్కటే కదా మరి.

ఇప్పుడు డెలేనీకి మాస్టర్స్‌లో సీటు వచ్చింది. మాట రాని పిల్లలకు, మాట తడబడే పిల్లలకు మాట నేర్పించే చదువు అది. ఆ చదువుకి నొరీన్ ఒకందుకు రుణపడి ఉంది. డెలేనీ నాలుగేళ్ళు నిండేదాకా నోరు విప్పలేదు. పిల్లకు ఇక మాట రాదేమో, తాము పోయాక ఎవరు చూస్తారో అని నొరీన్ ఏడవని పూట ఉండేది కాదు. అప్పుడు స్కూలు వాళ్ళు పంపితే ఒకావిడ ప్రతి గురువారం బొమ్మల అట్టలు పట్టుకుని ఇంటికి వచ్చేది. ఒకనాడు ఆవిడ బాతు బొమ్మ చూపిస్తే డెలేనీ ‘ఇది వద్దు’ అంది. (ఆ తర్వాత ఆ నోరు మళ్ళీ మూతపడలేదని వెర్నన్ అంటాడు.) ఆ వచ్చినావిడ పనే రేపు తన కూతురు చేయబోతోంది.

యూనివర్సిటీ వాళ్ళు ఒక షరతు పెట్టారు. ఆగస్టు మొదటి శుక్రవారం సాయంత్రంలోగా అప్పు మంజూరైనట్టు కనిపించాలి. కనిపించకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి వాళ్ళకు పోతుంది. వెర్నన్ జీతం, నొరీన్ జీతం కలిపి ఎటు తిప్పి చూసినా ఇంకో దారి లేదు.

ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు డెలేనీ ఈ సంగతి తేలిగ్గా చెప్పింది.

“అమ్మా, ఈసారి ఫారం నేను నింపుకుంటాను. నీ వివరాలు అసలు అడగరు.”

“అడగరంటే?”

“మాస్టర్స్‌కి అమ్మానాన్నలతో పని లేదు. నేను పెద్దదాన్నని లెక్క.”

“నువ్వు పెద్దదానివని వాళ్ళకెవరు చెప్పారే? మొన్న చలిలో టోపీ లేకుండా తిరిగావు.”

“వాళ్ళు టోపీ గురించి అడగరమ్మా.”

డెలేనీ చెప్పింది నిజమే. ఈ విషయంలో కార్యాలయం నిబంధన చాలా స్పష్టం. డిగ్రీ పట్టా చేతికందిన క్షణం నుంచి విద్యార్థికి తల్లిదండ్రులు ఉండరు. పోయారని కాదు. ఉండరు, అంతే. ఇంత పెద్ద సంఖ్యలో పౌరులను ఏటా మే నెలలో, పూలగుత్తులతో, బ్యాండుమేళంతో అనాథలను చేసే ఏర్పాటు మరే దేశంలోనూ ఇంత సక్రమంగా జరుగుతున్నట్టు లేదు.

నొరీన్‌కి ఇది మింగుడుపడలేదు. తనని అడగడం మరిచిపోయారేమో. తర్వాత ఎప్పుడో గుర్తొచ్చి, ‘తల్లి భాగం ఖాళీగా ఉందే’ అని సీటు కొట్టేస్తారేమో. అలా కొట్టేశారట అని చర్చిలో ఎవరో ఎవరికో చెబుతుంటే ఆమె వింది. ఎవరికి కొట్టేశారో తెలియదు. తెలియకపోవడం వల్ల భయం ఇంకా పెరిగింది.

అందుకని తర్వాతి శనివారం మధ్యాహ్నం వెర్నన్ చేపలకు వెళ్ళినప్పుడు, పొయ్యి మీద చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూర ఉడుకుతుండగా, ఆమె పాత అలవాటు కొద్దీ తన ఖాతా తెరిచింది. ‘కాస్త చూద్దాం, ముట్టుకోను’ అనుకుంది.

వెబ్‌సైటు మర్యాదగా ‘మీరు ఎవరు?’ అని అడిగింది. కింద రెండు తలుపులున్నాయి. ఒకటి తల్లి/తండ్రి, ఒకటి విద్యార్థి. ఆమె తల్లి తలుపు తట్టింది. ‘మాస్టర్స్ దరఖాస్తుకు తల్లిదండ్రులు అవసరం లేదు. ధన్యవాదాలు’ అని వచ్చింది. ఆ ధన్యవాదాలు ఆమెకు నచ్చలేదు. ఏ ఆఫీసువాళ్ళయినా థాంక్స్ చెప్పారంటే వెనక ఏదో ముంచుకొస్తోందని ఆమె అనుభవం. మళ్ళీ తట్టింది. మళ్ళీ ధన్యవాదాలు. ఇక మిగిలింది రెండో తలుపు. విద్యార్థి అంటే విద్యార్థి తరఫున అని కాబోలనుకుని అది తట్టింది. తలుపు బార్లా తెరుచుకుంది.

పేరు గడిలో అప్పటికే ‘నొరీన్ స్టెకర్’ అని ఉంది. నింపేవాళ్ళ పేరు గుర్తుపెట్టుకున్నారు పాపం, అనుకుంది. పుట్టిన తేదీ కూడా ఆమెదే ఉంది. ఇంత గుర్తుపెట్టుకున్నవాళ్ళు తల్లి అక్కర్లేదని ఎందుకంటారు, ఏదో పొరపాటు జరిగి ఉంటుందని ధైర్యం తెచ్చుకుంది. ఏ కాలేజీ? డెలేనీ కాలేజీ. ఏ చదువు? డెలేనీ చదువు. ఆ చదువు మొదలయ్యేనాటికి డిగ్రీ ఉంటుందా? ఉండకేం, ఫొటో హాల్లో గోడ మీదే ఉంది. మీ పోషణలో పిల్లలున్నారా?

ఇక్కడ ఆమె గరిటె పక్కన పెట్టి ఆలోచించింది. డెలేనీ కొలంబస్‌లో ఉద్యోగం చేసుకుంటూ అద్దె తనే కట్టుకుంటుంది. కానీ కారు బీమా తమ ఖర్చే, ఫోన్ బిల్లు తమదే, ఆదివారం తిరిగి వెళ్ళేటప్పుడు డబ్బాల్లో సర్ది పంపే వంటతో బుధవారం దాకా గడుస్తుంది. ఆమె ‘ఉన్నారు’ అని నొక్కి, పేరు రాయమంటే డెలేనీ అని రాసింది. (మీకు పిల్లలున్నారా అని ఎవరైనా అడిగితే ఆమె జీవితంలో ఎన్నడూ లేరనలేదు.) సంతకం పెట్టింది. తెర మీద అభినందనగా రంగు కాగితం ముక్కలు ఎగిరాయి. చిల్లీ అడుగంటింది.

సోమవారం కొలంబస్‌లో డెలేనీ తన దరఖాస్తు తను పంపుకుంది.

కార్యాలయం రెండు దరఖాస్తులనూ సమానమైన శ్రద్ధతో పరిశీలించింది. పది రోజులు తిరక్కుండానే జవాబులు వచ్చాయి. మాస్టర్స్ చదవబోతున్న, ఒక బిడ్డను పోషిస్తున్న, క్యాంటీన్ జీతం మీద బతుకుతున్న నొరీన్ స్టెకర్ అనే విద్యార్థిని పట్టుదలను కార్యాలయం అభినందించింది. ఆమెకు పూర్తి రుణార్హత ఉందని ప్రకటించింది. అదే ఇంటి చిరునామాతో, అదే యూనివర్సిటీకి, అదే చదువుకు దరఖాస్తు పెట్టిన డెలేనీ స్టెకర్ మాత్రం అనుమానాస్పదంగా కనిపించింది కాబట్టి ఆమె ఫైలును పక్కన పెట్టింది.

నొరీన్ ఆ అభినందన చూసుకునేసరికి క్యాంటీన్లో ఆరో తరగతి పిల్లల వరస గోడ దాకా ఉంది. పూర్తి రుణార్హత అన్నది డెలేనీకే అనుకుని ఆ పూట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ బంగాళాదుంప ఉండలు ఇంకో గరిటె ఎక్కువ వేసింది. సాయంత్రం డెలేనీ ఫోన్ వచ్చింది. ఆమె పొయ్యి ఆపి ఎత్తింది. అవతల కూతురు తన ఫైలు ఆపేసిన కారణం చదివి వినిపించింది. తర్వాత నెమ్మదిగా, ‘అమ్మా, నువ్వు మాస్టర్స్ చేస్తున్నావా’ అని అడిగింది.

విషయం తెలిసి వెర్నన్ మాత్రం నవ్వాపుకోలేకపోయాడు. మా వంశంలో పైచదువుకెళ్ళిన మొదటి మనిషివి నువ్వే అన్నాడు. కూతురి కంటే ముందు పాసవుతావేమో చూసుకో అన్నాడు. నొరీన్ కళ్ళనీళ్ళు చూసి నవ్వు మింగి, ఆ నంబరుకు ఫోన్ చెయ్యమన్నాడు.

పియానో అయ్యాక ఫోన్ ఎత్తినాయన పేరు హార్లన్ విక్. కుటుంబ స్పష్టీకరణ విభాగంలో రెండో తరగతి అధికారి. గొంతు మెత్తన, మర్యాద మెండు. ఇంత మంచి మనిషికి అలాంటి ఉద్యోగం ఎలా దొరికిందా అని ఆమె మొదట జాలిపడింది. తర్వాత అర్థమైంది, అలాంటి మనిషికే ఆ ఉద్యోగం ఇస్తారని.

“నేను విద్యార్థిని కాదండీ, అమ్మని,” అంది నొరీన్.

“ఈ ఫైల్లో అమ్మలెవరూ లేరు మేడమ్.”

“నేనేనండీ ఉన్నది.”

“మీరున్నారు. విద్యార్థిగా ఉన్నారు. అమ్మగా ఉండడానికి ఇందులో గడి లేదు.”

పొరపాటు చేశానని ఆమె ఒప్పేసుకుంది. తనని జైల్లో వేస్తారా అని అడిగింది. ఆ విభాగం వేరని విక్ గారు ఎంతో సౌమ్యంగా చెప్పారు. దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చని, అది విద్యార్థి హక్కేనని, కానీ తను దేన్ని వదులుకుంటోందో తెలియకుండా ఏ విద్యార్థినీ వెళ్ళనివ్వడం కార్యాలయానికి మనస్కరించదని కూడా చెప్పారు. కాబట్టి ముందు రుణగ్రహీతలకు ఇచ్చే సలహా పాఠం మొత్తం వినాలి. పరీక్ష రాయాలి. పాసైతే అప్పుడు వదులుకోవచ్చు. ఫెయిలైతే మళ్ళీ వినాలి.

నొరీన్ పాఠం వింది. రోజూ బయట కాఫీ తాగకుండా ఉంటే చదువు పూర్తయ్యేసరికి ఎంత మిగులుతుందో అందులో ఒక కుర్రాడు నవ్వుతూ చెప్పాడు. ఆమె బయట కాఫీ తాగి చాలా కాలమైంది. ఆ మిగిలినదంతా ఎక్కడికి పోయిందో అతన్ని అడిగే వీలు లేకపోయింది. పరీక్షలో ‘వాయిదా కట్టలేకపోతే మీరు చేయవలసిన మొదటి పని ఏది?’ అని అడిగారు. ఇచ్చిన జవాబుల్లో ‘ఏడవడం’ లేదు. మిగతావాటిలో ఏది ఎక్కువ భయంగా ఉందో చూసి అది గుర్తుపెట్టింది. ప్రతి ప్రశ్నకూ అలాగే చేసింది. అన్నీ ఒప్పయ్యాయి. (అప్పు గురించి ప్రభుత్వానికీ నొరీన్‌కీ ఉన్న అభిప్రాయం ఒకటేనని ఇలా బయటపడింది.) వెర్నన్ ఆ ధ్రువపత్రాన్ని అచ్చు తీయించి ఫ్రిజ్ తలుపుకి తగిలించాడు.

ఈలోగా యూనివర్సిటీకి కూడా ఆమె సంగతి చేరింది. వాళ్ళ పేరు అచ్చువేసిన చలికోటు ఏ కొలత కావాలని అడిగారు. హాస్టల్ గదిలో కలిసి ఉండబోయే అమ్మాయి కోసం ఆమె అలవాట్లు అడిగారు. త్వరగా పడుకుంటారా, సంగీతం పెద్దగా పెడతారా, ప్రేమికులు రావడం మీకు అభ్యంతరమా. జవాబివ్వకపోతే డెలేనీ సీటుకి ఏమవుతుందోనని నొరీన్ అన్నిటికీ నిజం చెప్పింది. తొమ్మిదింటికల్లా పడుకుంటాను. సంగీతం పెట్టను. ప్రేమికుడు ఒక్కడే, గురక పెడతాడు.

డెలేనీ యూనివర్సిటీ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి మాట్లాడింది. అక్కడి ఆవిడ రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని పరిస్థితి వివరించింది. అప్పు ఉన్న స్టెకర్‌కి సీటు లేదు. సీటు ఉన్న స్టెకర్‌కి అప్పు లేదు. ఇద్దరినీ కలిపితే చక్కటి విద్యార్థి అవుతుంది గానీ, కలిపే అధికారం తమ కౌంటర్‌కి లేదు.

జూలై ఆఖరుకి నొరీన్ దరఖాస్తు రద్దయింది. ఆ రాత్రి ఆమె కంటినిండా నిద్రపోయింది. తెల్లారి లేచి, ఇంత బాగా నిద్ర పట్టిందంటే ఏదో జరిగే ఉంటుందని భయపడింది. జరిగింది.

డెలేనీ ఫైలు కదల్లేదు. మళ్ళీ పియానో, మళ్ళీ విక్ గారు. రద్దు చేసిన దరఖాస్తు రద్దయిందే గానీ పోలేదని ఆయన చెప్పారు. ప్రభుత్వం దేన్నీ పారేయదు. ఆ దరఖాస్తులో డెలేనీ అనే వ్యక్తి నొరీన్ అనే వ్యక్తి పోషణలో ఉన్నట్టు, నొరీన్ స్వయంగా, శిక్షలన్నీ తెలిసి, సంతకం పెట్టి చెప్పింది. అంటే డెలేనీకి తల్లి ఉన్నట్టు ప్రభుత్వం దగ్గర ఇప్పుడు సాక్ష్యం ఉంది. మాస్టర్స్ విద్యార్థికి తల్లి ఉండదు. కాబట్టి డెలేనీ మాస్టర్స్ విద్యార్థి కాజాలదు.

ఇంత తిరుగులేని తర్కం నొరీన్ అంతకుముందు వినలేదు. ఎక్కడ తప్పుందో వెతికింది. కనపడలేదు. తప్పు తనదే అయివుంటుందనుకుంది.

దీనికీ ఒక మార్గం ఉందన్నారు విక్ గారు. ‘మద్దతు విరమణ ధ్రువీకరణ’ అని ఒక పత్రం ఉంది. ఆ పోషిస్తున్న వ్యక్తి ఇక పోషించడం లేదని సంతకం పెడితే చాలు, ఫైలు అదే రోజు కదులుతుంది. సాధారణంగా కదులుతుంది. కదలకపోయిన సందర్భాలు కూడా ఉన్నాయిగానీ వాటి గురించి చెప్పే అధికారం తనకు లేదన్నారు.

గడువు శుక్రవారం. గురువారం మధ్యాహ్నం డెలేనీ పని మానుకుని జేన్స్‌విల్ వచ్చింది. మూడు రోజులుగా దగ్గుతోంది. తల్లి వినకూడదని కారులోనే దగ్గేసి లోపలికొచ్చింది. వంటింటి బల్ల మీద తెర తెరిచి, ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. పత్రం చిన్నదే. అందులో ఇలా ఉంది: ‘పైన పేర్కొన్న విద్యార్థికి నేను ఆహారం, ఆశ్రయం, ధనం, సలహా, ఆందోళన వగైరా ఏ రూపంలోనూ మద్దతు ఇవ్వడం లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. ఇది అబద్ధమని తేలితే శిక్షకు అర్హురాలిని.’

కారు బీమాని ఆ ఉదయమే డెలేనీ తన పేరు మీదకి మార్పించుకుంది. ఫోన్ బిల్లు కూడా. వంట డబ్బాలు ఈ ఆదివారం నుంచి ఉండవని తండ్రి హామీ ఇచ్చాడు. సలహాలు ఎలాగూ ఎవరూ వినడం లేదు కాబట్టి అవి ఇచ్చినట్టు కాదని తేల్చారు. నొరీన్ ఒక్కో మాట మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి ‘ఆందోళన’ దగ్గర ఆగిపోయింది.

“ఇది నేను పెట్టలేనే.”

“అమ్మా, అది ఊరికే రాసిన మాట.”

“ఊరికే రాస్తే కింద శిక్ష అని ఎందుకుంటుంది? అబద్ధమని తేలితే నన్ను తీసుకెళ్ళడం అటుంచు, నీ సీటు ఉంచుతారా?”

వెర్నన్ ఈసారి నవ్వలేదు. “ఎలా తేలుస్తారే? నీ గుండెలో గొట్టం పెట్టి చూస్తారా?” అన్నాడు.

“నా మొహం చూస్తే చాలదూ,” అంది నొరీన్.

ఆమె ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. పియానో విన్నది. ఇప్పటికి ఆ పియానో ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతుందో ఆమెకు నోటికొచ్చేసింది. విక్ గారు దొరికాక, ఆందోళన అన్న ఒక్క మాట కొట్టేసి సంతకం పెట్టొచ్చా అని అడిగింది. కొట్టివేతలున్న పత్రం చెల్లదన్నారు ఆయన.

“మరి అది అబద్ధం అవుతుంది కదండీ. నేను పడుతూనే ఉంటాను కదా.”

టపటపా ఏదో కొట్టిన చప్పుడు వినిపించింది. విక్ గారు నిబంధన చూస్తున్నట్టున్నారు.

“సంతకం పెట్టే సమయానికి నిజమైతే చాలు మేడమ్. ముందూ వెనకా మా పరిధిలోకి రావు.”

“సంతకానికి ఎంతసేపు పడుతుందండీ?”

“చాలామందికి రెండు మూడు క్షణాలు.” ఆయన గొంతు తగ్గించారు. “మా అమ్మకి కొంచెం ఎక్కువే పట్టింది.”

నొరీన్ తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుంది. తను చెయ్యాల్సిందేమిటో వాళ్ళకు చెప్పింది. రెండు మూడు క్షణాల పాటు కూతురి గురించి బెంగపడకుండా ఉండాలి. అంతే. ఇరవై మూడేళ్ళలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు కాబట్టి ఎలా చెయ్యాలో తనకు తెలియదంది. క్యాంటీన్ గురించి ఆలోచించు అన్నాడు వెర్నన్. వంద మంది ఆరో తరగతి పిల్లలు, బంగాళాదుంప ఉండలు అయిపోయాయి, అది ఆలోచించు. ఆమె కళ్ళు మూసుకుని అది ఆలోచించింది. బాగానే భయమేసింది. అయితే ఆ వరసలో చివరన నిలబడ్డ పిల్లకి డెలేనీ మొహం ఉంది. కళ్ళు తెరిచేసింది.

“నన్ను చూడకు,” అంది డెలేనీ. “కిటికీలోంచి బయటకి చూడు. నేను ఇక్కడ లేననుకో.”

“లేకపోతే ఎక్కడున్నావు? కొలంబస్ రోడ్డు మీదా?”

“ఎక్కడా లేను. మీకు పిల్లలు లేరు. నువ్వూ నాన్నా ఇద్దరే. రిటైరయ్యాక ఫ్లోరిడా వెళ్ళిపోతున్నారు.”

నొరీన్ ఆ మాట నమ్మడానికి చాలా కష్టపడింది. పిల్లలు లేని ఒక నొరీన్ని ఊహించుకుంది. ఆ నొరీన్ ఫోన్ మోగినప్పుడు పొయ్యి ఆపదు. ఆ నొరీన్ కిటికీలోంచి బయటకి చూస్తే అక్కడ చెట్టు ఉంటుంది, ఎండ ఉంటుంది, అంతే ఉంటుంది. ఆ ఆడమనిషి ఎవరో ఆమెకు తెలియలేదుగానీ, ఆ మనిషి చేత్తో వేలెత్తి తెర మీద పెట్టింది. సంతకం గీత మొదలైంది.

డెలేనీకి దగ్గు వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుని ఊపిరి బిగబట్టింది. మొహం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెర్నన్ ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే పట్టుకున్నాడు. గీత ‘స్టెకర్’ చివరిదాకా వెళ్ళి ఆగింది. ధన్యవాదాలు అని వచ్చింది.

“ఎన్నాళ్ళ నుంచే ఆ దగ్గు?” అంది నొరీన్, కిటికీ వైపే చూస్తూ.

శుక్రవారం పొద్దున్న డెలేనీ ఫైలు కదిలింది. మధ్యాహ్నానికి అప్పు మంజూరైంది. యూనివర్సిటీ ఆఫీసులో ఆవిడ, అప్పూ సీటూ ఒకే స్టెకర్ పేరు మీద చూసి, ఇదీ పద్ధతి అని ఫోన్లో మెచ్చుకుంది. ఇక మిగిలింది అప్పు పత్రం మీద డెలేనీ సంతకం. అది ఆ సాయంత్రమే, ఆ వంటింటి బల్ల దగ్గరే పెట్టింది. నొరీన్ స్టవ్ దగ్గర వీపు తిప్పుకుని నిలబడి, మద్దతు అనిపించుకోకుండా ఉండేందుకు ఏమీ అడగకుండా చారు కలుపుతోంది.

పత్రం చివరి పేజీలో కార్యాలయం ఒక చిన్న సహాయం కోరింది. వాయిదాలు కట్టకుండా విద్యార్థి ఎక్కడికైనా వెళ్ళిపోతే, ఆమె ఎక్కడుందో తప్పకుండా తెలిసి ఉండే మనిషి పేరు, ఫోన్ నంబరు ఇవ్వమంది. డెలేనీ నొరీన్ స్టెకర్ అని రాసింది. పక్కన ‘సంబంధం’ అని ఒక గడి ఉంది. నొక్కితే కింద వరసగా మాటలు తెరుచుకున్నాయి. వాటిలో అన్నిటికంటే పైన ‘తల్లి’ అని ఉంది.

డెలేనీ దాన్ని నొక్కింది. కార్యాలయం ఏ సాక్ష్యమూ అడగలేదు.